మరపడవలో ఒంటరిగా

తెలుగు భాషలో ఏకాంతమనే మాటకున్న పరువు తెలుగు ఇళ్ళల్లో ఏకాంతానికి లేదు. తిరుమలలో వేంకటేశ్వరస్వామికి రాత్రిపూట జరిగే ఏకాంతసేవనే తీసుకోండి. పేరుకు ఏకాంతమే గాని, ఊయెల ఊపేవారు ఊపుతూ ఉంటారు, జోలపాట పాడేవారు పాడుతూ ఉంటారు, పాలూ పళ్ళూ నివేదించేవారు నివేదిస్తూ ఉంటారు. పోనీ సాహిత్యంలోకి వద్దామంటే, "ఏకాంతసేవ" అన్న పేరుతో కావ్యం రాసిన వేంకట పార్వతీశ్వర కవులు ఇద్దరు! దేవుడికీ కవులకూ దక్కని ఏకాంతం, ఉదయం కాలేజీలో అరవైమందికి తెలుగు పాఠం చెప్పి, సాయంత్రం ఇంట్లో నలుగురికి ఏ వస్తువు ఎక్కడుందో చెప్పే నాబోటిదానికి ఎక్కడ దక్కుతుందండీ?

నీటి మీద దక్కుతుందేమోనని పూర్వం ఒకావిడ ప్రయత్నించింది. భారతంలో ఆదిపర్వం చదివినవారికి గుర్తుండే ఉంటుంది. యమునానదిలో పడవ నడిపే సత్యవతి. తండ్రి ఆజ్ఞ మీద నడిపేదనుకోండి, అయినా పడవ ఆవిడ చేతిలోదే, తెడ్డు ఆవిడ చేతిలోదే. మన కథల్లో ఆడమనిషి ఒంటరిగా పడవ మీద కనిపించేది నాకు తెలిసినంతలో అక్కడే. కనిపించిందో లేదో, పరాశర మహర్షి వచ్చి అవతలి ఒడ్డుకు దాటించమన్నాడు. తరవాతి కథ మీకు తెలిసిందే. ఆ పాఠం చెప్పిన ప్రతిసారీ నాకొక ఆలోచన వచ్చేది: మహర్షి రాకపూర్వం, పొద్దున్నే, ఆ అమ్మాయి ఒక్కతే నది మధ్య ఉన్నప్పుడు ఏమనుకునేదో! వ్యాసులవారు ఆ సంగతి రాయలేదు. ఆయన పుట్టకముందు సంగతి కదా.

ఇన్నేళ్ళకు, కిందటి వేసవి సెలవుల్లో, ఆ సంగతి కొంచెం తెలుసుకునే వీలు కలిగింది. నది కాదు, తెడ్డూ కాదు. అమెరికాలో, టెక్సాసు రాష్ట్రంలో, డల్లాసుకు ఉత్తరాన లూయిస్‌విల్ అనే పెద్ద చెరువు. పడవ మా తమ్ముడిది. పంతొమ్మిది అడుగుల మరపడవ, వెనక నూటపదిహేను గుర్రాల ఇంజను. అది దేవుడు చేసిన సరస్సు కాదు. ట్రినిటీ నది పాయకు అడ్డంగా అక్కడి సైన్యపు ఇంజనీర్లు 1950లలో కట్టిన ఆనకట్ట వల్ల నిలిచిన నీరు. డల్లాసు నగరానికి తాగునీరు పోయేది అక్కడినుంచే. ఈ తాగునీటి సంగతి కాస్త జ్ఞాపకం పెట్టుకోండి. మళ్ళీ దాని దగ్గరకు వస్తాను.

ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగు ఊళ్ళల్లో తెలుగువాళ్ళు ఎందరున్నారో చెప్పనక్కరలేదు. ఆ చెరువు మీద శనివారంనాడు చూడాలి మనవాళ్ళ వైభవం! చదునుగా పందిరిమంచంలా ఉండే పెద్ద పడవ ఒకటి అద్దెకు తీసుకుంటారు. అందులో పన్నెండుమంది, నాలుగు డబ్బాల పులిహోర, గోంగూర పచ్చడి, ఐస్ పెట్టె, రెండు స్పీకర్లు. చెరువు మధ్యకు పోయి లంగరు వేసి, ఎవరి అబ్బాయికి ఏ కంపెనీలో ఉద్యోగం వచ్చిందో మాట్లాడుకుంటారు. మొదటి శనివారం నేనూ వెళ్ళాను. చాలా బాగున్నది. కోకాపేటలో మా అపార్టుమెంటు క్లబ్బులో సంక్రాంతి సంబరాలు ఎంత బాగుంటాయో అంత బాగున్నది. నీళ్ళు చూసినట్టు మాత్రం లేదు.

అందుకని తమ్ముడితో అన్నాను: "నాకు నేర్పించరా, ఒక్కదాన్నే వెళ్తాను" అని.

వాడు కాసేపు నా మొహం చూసి, "ఏమైందక్కా?" అన్నాడు.

ఆ ప్రశ్న గమనించండి. ఎలా వెళ్తావు అని కాదు, ఎంత దూరం అని కాదు, ఏమైంది అని. మనలో ఒకరు ఒంటరిగా ఉండాలనుకున్నారంటే ఏదో అయి ఉండాలి. కోపమో, దిగులో, మొగుడితో మాటా మాటానో. మా మరదలైతే ఇంకో అడుగు ముందుకు వేసి, ఆ రాత్రే కోకాపేటకు ఫోను చేసింది. తెల్లవారేసరికి మావారి పలకరింపు: "నేనేమైనా అన్నానా?" పాపం, ఆయన ఏమీ అనలేదు. పిల్లలేమీ అనలేదు. అందరూ మంచివాళ్ళే. మంచివాళ్ళ మధ్యనుంచి కూడా మనిషికి గంటసేపు లేచి అవతలికి పోవాలనిపిస్తుందని నలుగురికీ నచ్చజెప్పడానికి నాకు వారం రోజులు పట్టింది. మరపడవ నేర్చుకోవడానికి నాలుగు రోజులు చాలింది.

ఆ నేర్చుకోవడం గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే కారు నడిపేవారందరూ పడవ కూడా అంతేగదా అనుకుంటారు. కాదు. మొట్టమొదటి సంగతి, పడవకు బ్రేకు లేదు. వేగం మీట వెనక్కి లాగి న్యూట్రలులో పెట్టినా అది తన ఇష్టం వచ్చినంత దూరం జారుతూనే పోతుంది. ఆపాలంటే వెనక్కి నడిచే గేరు కాస్త తగిలించాలి. అది కూడా నెమ్మదిగా, వేడి పాలు దించినట్టు. రెండో సంగతి, కారుకు ముందు చక్రాలు తిరుగుతాయి. పడవకు తిరిగేది తోక. మీరు చుక్కాని చక్రం కుడికి తిప్పితే ముక్కు కుడికి వెళ్ళడం సరే, తోక ఎడమకు కొడుతుంది. రేవులో చెక్క వంతెన పక్కనుంచి బయలుదేరేటప్పుడు ఈ ముక్క మరిచిపోతే వెనకభాగం వెళ్ళి వంతెనకు తగులుతుంది. మూడోది గాలి. రోడ్డు మీద కారు ఉన్నచోట ఉంటుంది. నీటి మీద పడవను గాలి ఎప్పుడూ ఎక్కడికో తీసుకుపోతూనే ఉంటుంది. గాలికి ఎదురుగా రేవుకు రావడమే తేలిక, ఎందుకంటే ఆ గాలే బ్రేకు పని చేసిపెడుతుంది. నేనెరిగిన కొన్ని సంసారాలు ఈ పద్ధతి మీదనే నడుస్తున్నవి.

టెక్సాసులో పడవ నడపడానికి లైసెన్సు లేదు. 1993 సెప్టెంబరు 1వ తేదీనాడుగాని ఆ తరవాతగాని పుట్టినవారు మాత్రం పాఠం చదివి పరీక్ష రాసి కాగితం తెచ్చుకోవాలి. నేను అంతకు చాలా ముందే పుట్టాను గనుక ఆ కాగితం నాకు అక్కరలేదు. వయసు మీదపడ్డందుకు ప్రభుత్వం ఇచ్చిన బహుమతి కాబోలు. అయినా తమ్ముడు నన్ను కూర్చోబెట్టి పాఠమంతా చదివించాడు. ఎదురెదురు పడవలు వస్తే ఇద్దరూ కుడికి తప్పుకోవాలి. అడ్డంగా వస్తే మన కుడిచేతివైపు నుంచి వచ్చేవాడికి దారి ఇవ్వాలి. రాత్రిపూట ఎడమవైపు ఎర్రదీపం, కుడివైపు ఆకుపచ్చ. పెట్రోలును మూడు పాళ్ళుగా చూసుకోవాలి: పోవడానికి ఒకటి, రావడానికి ఒకటి, అనుకోనిదానికి ఒకటి. లంగరు తాడు నీటి లోతుకు ఏడురెట్లు వదలాలి. పది అడుగుల లోతుంటే డెబ్బై అడుగుల తాడు. ఇంజను వెనకనుంచి సన్నటి నీటిధార చిమ్ముతూ ఉండాలి. ఇంజను చల్లబరచే నీరు సవ్యంగా తిరుగుతున్నదనడానికి అదే గుర్తు. ఆ ధార ఆగితే వెంటనే ఇంజను ఆపెయ్యాలి.

వీటన్నిటికంటె ముఖ్యమైనది ఒక ఎర్రటి చుట్టల తాడు. పాత టెలిఫోను తీగ ఉండేదే, అచ్చం అలాంటిది. దాని ఒక కొస ఇంజను మీటకు, రెండో కొస మన నడుముకో లైఫ్ జాకెట్టుకో తగిలించుకోవాలి. మనం పట్టుతప్పి నీళ్ళలో పడ్డామా, ఆ తాడు ఊడి ఇంజను ఆగిపోతుంది. అది లేకపోతే ఏమవుతుందంటే, మనిషి నీళ్ళల్లోనూ పడవ పెత్తనం దానిదిగానూ ఉండి, చాలాసార్లు ఆ పడవ గుండ్రంగా తిరుగుతూ మళ్ళీ పడినవారి మీదికే వస్తుంది. కింద తిరిగే పంఖాను తలచుకుంటే చాలు. ఇరవయ్యారు అడుగులకు తక్కువైన మరపడవలకు, ఆ మీట అమర్చి ఉన్నట్టయితే, తాడు తప్పకుండా తగిలించుకోవాలని అమెరికా ప్రభుత్వం 2021 ఏప్రిల్ 1 నుంచి చట్టం పెట్టింది. నలుగురు ఉన్న పడవలో ఎవరో ఒకరు మీట లాగుతారు. ఒక్కరే ఉన్నప్పుడు ఆ తాడే రెండో మనిషి. తమ్ముడు నా నడుముకు అది తగిలించి రెండుసార్లు లాగి చూసి, "ఇది మెడలో పుస్తెల్లాగ అనుకో అక్కా, తియ్యొద్దు" అన్నాడు. వాడి తెలివికి మా మరదలు నవ్వింది. నేనుమాత్రం తియ్యలేదు.

అయిదోరోజు ఉదయం ఆరున్నరకు నన్ను రేవులో వదిలి వాడు ఆఫీసుకు వెళ్ళిపోయాడు.

వారం మధ్యలో, ఆ వేళకు, ఆ చెరువులో జనం ఉండరు. రేవు దగ్గర అల రేపకుండా పోవాలని బోర్డులుంటాయి; నడిచే మనిషి వేగంతో, రెండువైపులా కట్టేసిన పడవల మధ్యనుంచి, పెళ్ళివారి పందిట్లోనుంచి బయటికి వచ్చినట్టు రావాలి. ఈ భాగం నాకు అన్నిటికంటె ఇష్టమైపోయింది. ఇంజను గొంతులో గురగురలాడుతూ ఉంటుంది. నీళ్ళు పలచని పెరుగులా కదలకుండా ఉంటాయి. తెల్లకొంగ ఒకటి కొయ్య మీద నిలబడి మనల్ని చూసీ చూడనట్టు చూస్తుంది. ఎక్కడికి, ఎందుకు, ఎప్పుడొస్తావు అని ఆ కొంగ అడగదు.

బోర్డులు దాటాక వేగం మీట ముందుకు నెట్టాలి. ముక్కు ఆకాశంకేసి లేస్తుంది. రెండు మూడు క్షణాలు ముందేమీ కనిపించదు. తరవాత ఏదో బరువు దించుకున్నట్టుగా పడవ తనంతట తానే సమంగా వచ్చి, నీటిని చీల్చడం మాని నీటి మీద జారడం మొదలుపెడుతుంది. అంతవరకూ మూలిగిన ఇంజను అక్కడినుంచి తేలికపడుతుంది. మీట కాస్త వెనక్కి తగ్గించినా వేగం తగ్గదు. కారులో అరవై మైళ్ళు పోయినా కూర్చున్నట్టే ఉంటుంది. ఇక్కడ పాతిక మైళ్ళకే చెంపల మీద గాలి కొడుతుంది, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి, ముడి ఊడిపోతుంది. సవరించుకొమ్మని చెప్పేవారుండరు. కుడికి తిప్పితే కుడికి, ఎడమకు తిప్పితే ఎడమకు. పక్కసీటులో కూర్చుని కాలితో లేని బ్రేకు తొక్కే మనిషి లేడు. (ఇది చదివి మావారు ఏమీ అనుకోరు, కారులో ఆయన అలవాటు ఆయనకూ తెలుసు.)

వేగం ముచ్చట పది నిమిషాలకు తీరిపోతుంది. నిజమైన సుఖం ఇంజను ఆపిన తరవాతనే ఉన్నది. ఒక మూల, ఒడ్డుకు దూరంగా, లంగరు వదిలి తాళం తిప్పేస్తే, అంతసేపూ చెవుల్లో ఉన్న రొద ఒక్కసారి తెగిపోతుంది. మన పడవ రేపిన అలలే మనల్ని వెనకనుంచి వచ్చి అందుకుని ఒక మాటు ఊపి వెళ్ళిపోతాయి. ఆ తరవాత చప్పుడు లేదు. ముందు సెల్ ఫోను కోసం చెయ్యి వెళుతుంది. సంచీలో పడేశాం గనుక వెనక్కి వస్తుంది. తరవాత ఇంటి సంగతులు వరసగా వస్తాయి: గ్యాసు, ఫీజు, అత్తగారి కళ్ళపరీక్ష, దిద్దవలసిన పేపర్లు. పోట్లాడకుండా వాటిని రానిచ్చాను. పావుగంటకు అవి కూడా అలసిపోయాయి. కారేజీలో తెచ్చుకున్న ఉప్మా ఒక్కదాన్నే, వేడిగా ఉండగానే, మొదటి ముద్దనుంచి ఆఖరి ముద్దదాకా లేవకుండా తిన్నాను. ఇల్లాళ్ళకు ఈ వాక్యం విలువ వివరించనక్కరలేదు.

మూడోనాడు ఒక పని చేశాను. పద్యం పాడాను. ఇరవయ్యేళ్ళుగా క్లాసులో పద్యం చదువుతున్నాను గాని, అక్కడ గొంతు ఎత్తితే పక్కగదిలో లెక్కల మాష్టారికి ఇబ్బంది. ఇంట్లో ఎత్తితే కింది అంతస్తువారికి. ముప్ఫైరెండో అంతస్తులో పద్యానికి కూడా సొసైటీ అనుమతి కావాలి కాబోలు! ఆ నీటి మధ్య, పోతనగారిని తలచుకుని, మా నాన్నగారు పాడే రాగంలో, ఊపిరి ఉన్నంతమేర లాగి, ఒకటి కాదు ఏడో ఎనిమిదో పాడాను. నీటి మీద గొంతు ఎంత దూరం పోతుందో నాకు తెలియదు సుమండీ. పొదల చాటునుంచి చేపలు పట్టుకునే ముసలి దొరగారొకరు చిన్నపడవలో బయటికి వచ్చి, టోపీ తీసి, చెయ్యి ఊపి, మళ్ళీ పొదల్లోకి వెళ్ళిపోయారు. ఆయన గాలానికి ఆ వేళ ఒక్క చేపైనా పడిందో లేదో!

ఒంటరిగా వెళ్ళానని చెబుతున్నానే గాని, వెళ్ళేముందు ఒక చీటీలాంటి సందేశం పంపేదాన్ని: "బయలుదేరాను. తూర్పు పాయ. తొమ్మిదిన్నరకు రేవు." వచ్చాక మళ్ళీ: "వచ్చాను." పడవవాళ్ళందరూ పాటించే నియమం ఇది. తొమ్మిదీ నలభైకి నా సందేశం రాకపోతే తమ్ముడు లేచి రావలసిందే. మొదట ఇదేం ఏకాంతం అనుకున్నాను. రెండురోజులకు తెలిసింది, ఆ తొమ్మిదిన్నర వాడి దగ్గర ఉండబట్టే నేను నిశ్చింతగా కూర్చోగలుగుతున్నానని. ఒకచోట కూర్చుని మనకోసం గడియారం చూసే మనిషి ఒకరుండటం, పక్కన కూర్చుని మాట్లాడే మనిషి ఉండటం కంటే వేరు.

ఈ వెనకకు తగిలించే ఇంజను చరిత్ర కూడా ఒక ఆడమనిషి కోరికతోనే ముడిపడి ఉన్నదని చెప్పుకుంటారు. ఓలె ఎవిన్‌రూడ్ అనే నార్వే సంతతి ఇంజనీరు, విస్కాన్సిన్ రాష్ట్రంలో, ఎండాకాలం వనభోజనంనాడు, బెస్ అనే తన ప్రియురాలు ఐస్ క్రీము అడిగితే చెరువు దాటి పడవ వేసుకుని తెడ్డు తోసుకుంటూ వెళ్ళాడట. తిరిగొచ్చేసరికి ఐస్ క్రీము కాస్తా కరిగిపోయిందట. ఆ ఉక్రోషంతో తయారుచేసిన ఇంజనును 1909లో అమ్మకానికి పెట్టాడు. ఐస్ క్రీము కథలో నిజమెంతో గాని, ఆ బెస్ తరవాత అతని భార్యయి, వ్యాపారం లెక్కలూ ప్రకటనలూ తనే చూసిందనే మాట నిజం. ఎవిన్‌రూడ్ ఇంజన్ల తయారీ 2020లో ఆగిపోయింది.

ఇక ఒంటరి ప్రయాణాలంటే నా తూర్పు పాయ షికారు ఏపాటిది! జాషువా స్లోకం అనే ఆయన 1895లో బయలుదేరి, స్ప్రే అనే తెరచాప పడవలో ఒక్కడే భూమి చుట్టి 1898లో తిరిగివచ్చాడు. ఆయనకు ఈత రాదట. మన నౌకాదళానికి చెందిన అభిలాష్ టామీ 2012 నవంబరులో ముంబయిలో బయలుదేరి, ఎక్కడా ఆగకుండా ఒంటరిగా చుట్టివచ్చిన తొలి భారతీయుడు. 2018 పందెంలో హిందూ మహాసముద్రంలో నడుము విరిగి, పడవ విరిగి, ఫ్రెంచివారి ఓడ వచ్చి ఎత్తుకుంటే బతికాడు. అదే పందెంలో మళ్ళీ దిగి 2023లో రెండోవాడుగా వచ్చాడు. మొదటివారెవరంటారా? కిర్‌స్టెన్ నాయ్‌షాఫర్ అనే దక్షిణాఫ్రికా మహిళ. మన తెలుగు ఆడపిల్లలూ తక్కువ తినలేదు: 2017 సెప్టెంబరు 10న గోవానుంచి "తారిణి" అనే పడవలో బయలుదేరి 2018 మే 21న తిరిగివచ్చిన ఆరుగురు నౌకాదళ వనితలలో స్వాతిది విశాఖపట్నం, బొడ్డపాటి ఐశ్వర్యది హైదరాబాదు. ఆ పడవ పొడవు యాభై అయిదు అడుగులు. ఆరుగురు, ఎనిమిది నెలలు! అంత చిన్నచోట, అంతకాలం పోట్లాడుకోకుండా కలిసి ఉండటం ఒంటరిగా ఉండటం కంటె కష్టమని నా అభిప్రాయం.

మా అత్తగారు ఇవేవీ వినిపించుకోలేదు. ఆవిడది కోనసీమ. కోటిపల్లి రేవులో పంటు ఎక్కి ముక్తేశ్వరం దిగడం ఆవిడకు బస్సెక్కి దిగినట్టే. నేను ఫోటోలు పంపితే ఆవిడన్న మాట ఇది: "గోదావరి దాటడానికి పడవెక్కాం గాని, పడవెక్కడానికి పడవెక్కామా?" తోసిపుచ్చగలిగిన మాట కాదు. నీటి పక్కన పుట్టినవారికి నీటితో సరదాలు తక్కువ. 2019 సెప్టెంబరు 15న పాపికొండల విహారానికి వెళ్ళిన లాంచీ కచ్చులూరు దగ్గర సుడిలో మునిగి యాభైమంది దాకా పోయారు. లాంచీని పైకి తియ్యడానికి అయిదు వారాలు పైగా పట్టింది. కాకినాడనుంచి వచ్చిన ధర్మాడి సత్యంగారి బృందం చివరికి తీసింది. ఆ రోజుల్లో మా అత్తగారు టీవీ ముందునుంచి లేవలేదు. ఉప్పాడలోనూ భీమిలిలోనూ తెల్లవారకముందే సముద్రం మీదికి పోయే బెస్తవారిని, నీకు ఒంటరిగా పడవ మీద ఏం హాయిగా ఉంటుందని అడిగితే వారేం జవాబు చెబుతారో నాకు తెలుసు. వారికది కూలి. నేను రేవుకు వచ్చాక పెట్రోలు డబ్బు తమ్ముడు కట్టాడు. ఆ తేడా గుర్తుపెట్టుకునే ఇదంతా రాస్తున్నాను.

ఇప్పుడు తాగునీటి సంగతికి వస్తాను.

కోకాపేట అంటే పాఠకులకు పేపర్లలో వచ్చే వేలంపాటలే గుర్తుకు వస్తాయి. 2023 ఆగస్టులో ఇక్కడ ఎకరం నూరుకోట్లు దాటింది. ఆ నేల మీద లేస్తున్న మేడల పై అంతస్తుల బాల్కనీల్లోనుంచి పడమటివైపు చూస్తే, మబ్బు లేనినాడు, గండిపేట చెరువు పళ్ళెంలో పోసిన నీళ్ళలా కనిపిస్తుంది. ఫ్లాటు అమ్మేవాడు ఆ నీళ్ళు చూపించి కూడా ధర కడతాడు. నేను అమెరికానుంచి వచ్చిన వారానికి, పై అంతస్తులో ఉండే ఒక కుర్ర ఇంజనీరు నా ఫోటోలు చూసి, "ఆంటీ, అక్కడ డల్లాసువాళ్ళు తాగే చెరువులోనే నడిపారుగదా, గండిపేటలో కూడా నాలుగు స్పీడుబోట్లు ఎందుకు వదలకూడదు? మనకు అయిదు కిలోమీటర్లే!" అన్నాడు. తెలివైన ప్రశ్నే. నాకు ఒక రాత్రి నిద్ర పట్టలేదు.

గండిపేట సరదాకు కట్టింది కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదులో పదిహేనువేలమంది దాకా పోయారు. ఉస్మానియా ఆసుపత్రి తోటలోని చింతచెట్టు ఎక్కి నూటయాభైమంది బతికారని చెబుతారు. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ ఒక్కరోజున తల్లినీ భార్యనూ బిడ్డనూ పోగొట్టుకుని తాను ఒక్కడూ మిగిలాడు. ఒంటరితనమంటే అది, నాది షికారు. ఆ తరవాతి సంవత్సరం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రప్పించారు. ఆయన సలహాతో మూసీ మీద 1920లో ఉస్మాన్ సాగరు, ఈసీ మీద 1927లో హిమాయత్ సాగరు కట్టారు. వరదను ఆపడానికి ఒకటి, మంచినీళ్ళివ్వడానికి రెండు. గండిపేట నీళ్ళు తాగినవాడు హైదరాబాదు విడిచిపోడని సామెత పుట్టింది. చెరువు నిండితే 3.9 టీఎంసీలు. ఎగువ ఊళ్ళల్లో కట్టడాలను కట్టడి చేస్తూ 1996లో ఇచ్చిన 111 నెంబరు జీవోను 2022లో ఎత్తివేశారు. దాని మీద పెద్దలు వాదించుకుంటూనే ఉన్నారు.

ఆ కుర్రవాడికి నేనిచ్చిన జవాబు ఇది. పాతకాలపు రెండు స్ట్రోకుల ఇంజన్లు తాగిన పెట్రోలులో నాలుగోవంతు దాకా కాలకుండానే నీళ్ళల్లోకి వదిలేవి. అందుకే కాలిఫోర్నియా సరిహద్దులోని టాహో సరస్సులో, అద్దంలాంటి నీటి కోసం, ఆ రకం ఇంజన్లను 1999లో బహిష్కరించారు. ఇప్పటి నాలుగు స్ట్రోకుల ఇంజన్లు చాలా మెరుగే. కాని మన రేవులో వాడేది ఏ ఇంజనో, ఒలికిన నూనె ఎవరు తుడుస్తారో, తాగి పారేసిన సీసాలు ఎవరు ఏరతారో చూసే మనిషి ఒకడు రోజూ అక్కడ ఉండాలి. లూయిస్‌విల్లులో ఉన్నాడు, పడవ వేసుకుని తిరిగి తనిఖీ చేస్తాడు. ఇక్కడ వాన పడితే కాలువలోకి దేన్ని వదులుతున్నారో చూసే మనిషే కరువు. ముందు ఆ మనిషి రానీ నాయనా, తరవాత పడవ మాట చూద్దాం అన్నాను. "అంటే మీరు నడిపారు, మేం నడపకూడదా ఆంటీ?" అన్నాడు. అన్నమాట అలాగే ఉన్నది మరి. అయినా నా జవాబు మార్చుకోను. గండిపేటలో పొద్దున్నే పుట్టి వేసుకుని వల విసిరే ఒంటి మనిషి కనిపిస్తాడు. ఆ చెరువు మీద ఒంటరిగా ఉండే హక్కు ప్రస్తుతానికి అతనిదే.

మరి నగరంలో నీటి ముచ్చట తీరే దారి లేదా అంటే, హుస్సేన్ సాగరున్నది. 1562లో కట్టినది, ఒకప్పుడు అదీ తాగునీటిదే, ఇప్పుడు కాదు. అక్కడి స్పీడుబోట్లలో డబ్బిచ్చి కూర్చోవచ్చు గాని తోలేవాడు వేరే ఉంటాడు. తెరచాప పడవలు నేర్పే క్లబ్బులు మాత్రం ఉన్నవి. పేద ఇళ్ళ పిల్లలను తెచ్చి నేర్పేవారున్నారు. ఒక ఆదివారం మావారూ నేనూ వెళ్ళి చూశాము. పిల్లలెక్కేవి ఆప్టిమిస్టు అనే చిట్టిపడవలు. 1947లో ఫ్లారిడాలో క్లార్క్ మిల్స్ అనే ఆయన పిల్లల కోసం గీసిన నమూనా. ఎనిమిది అడుగులు కూడా ఉండవు, ముక్కు కోసేసినట్టు చదునుగా, పిండి పిసికే తొట్టిలా ఉంటుంది. దాని గొప్పేమిటంటే, అందులో పట్టేది ఒక్క బిడ్డ. అమ్మ పట్టదు, నాన్న పట్టడు, మాష్టారు పట్టడు.

మేం చూస్తుండగానే గాలి ఒక్కసారి తిరిగి, పదేళ్ళ పిల్ల ఒకతె పడవ బోల్తాపడింది. మావారు లేచి నిలబడ్డారు. కొంచెం దూరంలో రక్షణ కోసం ఉంచిన మరపడవ ఇంజను గురగురలాడించుకుంటూ ఉన్నది. అందులోని శిక్షకుడు రమ్మంటావా అన్నట్టు చెయ్యెత్తాడు. నీళ్ళల్లోనుంచి తల పైకి తీసిన ఆ పిల్ల వద్దని తల ఊపింది. అడుగునున్న పలక పట్టుకుని వేళ్ళాడి పడవను తిప్పింది, పొట్ట మీద పాకి ఎక్కింది, కట్టి ఉంచిన డబ్బా తీసుకుని నీళ్ళు తోడి పొయ్యడం మొదలుపెట్టింది. ఒక్కసారైనా ఒడ్డుకేసి చూడలేదు.

మావారు కూర్చుని, కాసేపటికి, "పెద్దవాళ్ళకు కూడా నేర్పుతారేమో కనుక్కోరాదూ?" అన్నారు.

కనుక్కున్నాను. నేర్పుతారట. మా అత్తగారికి ఇంకా చెప్పలేదు.